దిద్దని గళ్ళు

సన్మానసభ మొదలై గంటన్నరైంది. ఫ్యాన్లు తిరుగుతున్నాయన్న మాటేగానీ గాలి వేదిక దాటి ఇవతలికి రావడం లేదు. ఆమె హాల్లో వెనకనుంచి మూడో వరసలో, స్తంభం పక్కన, పత్రిక సిబ్బందికి వదిలిన కుర్చీల్లో కూర్చుంది. వేదిక కనపడాలంటే మెడ ఓ పక్కకు వాల్చాలి. వాల్చి వాల్చి మెడ పట్టేసింది.

మైకు ముందు గళ్ళ మాస్టారు నిలబడి ఉన్నాడు. మాస్టారంటే ఏ బడిలోనూ పాఠాలు చెప్పినవాడు కాదు. పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసి రిటైరైనవాడు. ఆదివారం అనుబంధం చివరి పేజీలో వచ్చే గళ్ళ నుడికట్టు కూర్చేది ఆయనే కాబట్టి పాఠకులు ఆయనకు మాస్టారని పేరు పెట్టేసుకున్నారు.

"ఆ ఆధారం ఎలా తట్టిందో చెప్తాను," అన్నాడు మాస్టారు. హాలంతా సర్దుకుని కూర్చుంది.

ఏ ఆధారమో అక్కడ అందరికీ తెలుసు. గుమ్మం దగ్గర పంచిన కాగితం మీద దాన్నే పెద్ద అక్షరాల్లో వేశారు. 'నిద్రలో వచ్చినదానికి దేవుడిచ్చింది తోడైనా మనసుకు నెమ్మది లేదు. నాలుగక్షరాలు.' నిద్రలో వచ్చేది కల, దేవుడిచ్చేది వరం, రెండూ కలిస్తే కలవరం. బుధవారం పేజీలో గళ్ళ సమీక్ష రాసే రిటైర్డు లెక్కల లెక్చరరు దీన్ని దశాబ్దపు ఆధారం అని ఇందాకే పొగిడి కూర్చున్నాడు.

"పొద్దున గడ్డం గీసుకుంటున్నానండీ. సగం మొహానికి సబ్బు. ఉన్నట్టుండి వచ్చింది, మొదటి మాట నుంచి చివరి మాట దాకా. నేను రాయలేదండీ. అదే వచ్చింది."

హాలు చప్పట్లతో మోగిపోయింది. ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

అది వచ్చింది సబ్బు నురగలోంచి కాదు. పళ్ళ డాక్టరు దగ్గర. వాళ్ళాయన బుగ్గ వాచి లోపల నోరు తెరుచుకుని ఉంటే, బయట బెంచీ మీద కూర్చుని, మందుల చీటీ వెనక ఆమె నాలుగుసార్లు రాసి కొట్టేస్తే ఐదోసారి వచ్చింది. మాస్టారు పత్రికకు పంపింది ఆమెకు ఇప్పటికీ కంఠతా వచ్చు: 'స్వప్నము, దేవుడిచ్చునది కలిపిన ఆందోళన.' అంతే. కూడికల లెక్క.

ఆయన అబద్ధమాడుతున్నా ఇంత ఉక్రోషం వచ్చేది కాదు. ఆయన కళ్ళలో తడి ఉంది. నిజంగానే నమ్ముతున్నాడు. రాసి పంపినదాన్ని ఆయన మళ్ళీ చూసుకోడు. అచ్చయినదాన్ని మాత్రం ఆదివారమంతా ముందేసుకుని చదువుకుంటాడు. తొమ్మిదేళ్ళుగా అలా చదువుకుని చదువుకుని అచ్చయినదే తను రాసింది అనుకుంటున్నాడు.

కిందికి దిగుతూ మాస్టారు ఆమె కుర్చీ పక్కనుంచే వెళ్ళాడు. ఆగి, "మీరు పత్రికలోనే కదమ్మా చేసేది? ఏ సెక్షను?" అని అడిగాడు.

"ప్రూఫులు చూస్తానండీ."

"మంచి పని. అచ్చుతప్పులు పడకుండా చూడండి," అని చేతిలో జ్ఞాపికతో ముందుకు వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చి హ్యాండ్‌బ్యాగు మంచం మీదికి విసిరేసింది. వాళ్ళాయన లిఫ్టు మెకానిక్కు. ఆదివారం కూడా డ్యూటీకి వెళ్ళొచ్చి, గోళ్ళలో ఇరుక్కున్న గ్రీజును పాత టూత్‌బ్రష్షుతో తోముకుంటున్నాడు.

"ఏమైంది? భోజనాలు పెట్టలేదా?"

"మీకెప్పుడూ తిండి గొడవే. అచ్చుతప్పులు పడకుండా చూడమన్నాడు నన్ను."

"ఎవరు?"

చెప్పింది. చెబుతున్నకొద్దీ గొంతు లేచింది. ఆయన తోమడం ఆపకుండా అంతా విన్నాడు.

"మేం చూసే అపార్టుమెంట్లలో ఒకటుంది," అన్నాడు చివరికి. "అందులో పదకొండేళ్ళుగా లిఫ్టు నేనే చూస్తున్నా. ఒక్కడికీ నా పేరు తెలీదు. కిందటేడు రెండు గంటలు ఆగింది చూడు, అప్పుడు అడిగారు, 'ఎవడయ్యా మెకానిక్కు' అని."

"అయితే ఏమంటారు?"

"నేనేమంటాను. ఒక్కసారి ఆగనిచ్చి చూడు అంటున్నా."

ఆమె చీర మార్చుకోవడానికి లోపలికి వెళ్ళింది. అప్పటికి ఆ మాట తలకెక్కినట్టు కూడా అనిపించలేదు.

మంగళవారం పదకొండింటికి మాస్టారి కవరు వచ్చింది. పోస్టాఫీసు అలవాటు పోనివ్వని మనిషి. కవరు మీద అడ్రసు వంకర లేకుండా, పిన్‌కోడు కింద గీతతో సహా ఉంటుంది. లోపలి సంగతి వేరు.

ఆమెకో పద్ధతి ఉంది. ముందు జవాబులున్న గళ్ళను అట్టముక్కతో మూసేస్తుంది. ఆధారాలు మాత్రమే చూస్తూ, పేపరు కొనుక్కున్న పాఠకురాలిలాగా, ఖాళీ గళ్ళను పెన్సిల్‌తో నింపుకుంటూ పోతుంది. పెన్సిల్ ఎక్కడ ఆగితే అక్కడో చుక్క. ఆగింది తన తెలివితక్కువ వల్లా, ఆధారంలో లోపం వల్లా అన్నది తర్వాత తేలుస్తుంది. ఆ పైన అట్ట తీసి జవాబులతో పోల్చడం, గళ్ళు లెక్కపెట్టడం, ఒకే మాట రెండుచోట్ల పడిందేమో వెతకడం. అన్నీ అయ్యాకే ఎర్రకలం మూత తీస్తుంది.

ఈ వారం ముప్పై ఒక్క ఆధారాలకు పద్నాలుగు చుక్కలు పడ్డాయి. 'కాగితం' ఏడు అడ్డంలో ఒకసారి, ఇరవై రెండు నిలువులో మరోసారి. పన్నెండు నిలువుకి ఐదు గళ్ళుంటే జవాబుకి నాలుగే అక్షరాలు, ఐదో గడి బోసిగా ఉంది. పదిహేడు అడ్డం దగ్గర 'పైదానిని తిరగవేయుము' అని రాశాడు. పైన ఉన్నది నల్లగడి.

ఇవన్నీ ఆమెకు కొత్త కాదు. రెండేళ్ళ నుంచి చుక్కలు పెరుగుతూనే ఉన్నాయి. మొదట్లో మూడో నాలుగో ఉండేవి. అప్పట్లో ఒకసారి కవరు పట్టుకుని అనుబంధం ఇన్‌చార్జి దగ్గరికి వెళితే, ఆయన తల ఎత్తకుండానే, "మాస్టారిదే కదా మేడం, మీరే సర్దేయండి," అన్నాడు. మళ్ళీ ఎప్పుడు వెళ్ళినా అదే మాట. అలా సర్దడమే ఆమె ఉద్యోగమైపోయింది. దానికి కాగితం లేదు, పేరు లేదు.

ఎర్రకలం మూత తీసింది. పదిహేడు అడ్డం మీద పెట్టబోయింది. ఫ్యాను గాలికి బల్ల మీది కాగితం ఎగిరితే చేత్తో అదిమి పట్టుకుంది. సభలో పంచిన కాగితమే అది. దాని మీద మాస్టారి నవ్వుమొహం, పక్కనే ఆమె ఆధారం.

మూత పెట్టేసింది.

కవరును ఉన్నదున్నట్టుగా కంపోజింగుకి పంపింది. మధ్యాహ్నం ప్రూఫు వచ్చాక అక్షరం అక్షరం సరిచూసింది. కంపోజింగు తప్పులు రెండు దొరికితే దిద్దింది కూడా. అడుగున 'రాతప్రతి ప్రకారం ఉంది' అని రాసి సంతకం పెట్టింది. అందులో అబద్ధం లేదు.

శనివారం దాకా ఇంకా వెనక్కి తీసుకోవచ్చు. రోజూ అనుకుంది. బుధవారం చీపురు పట్టుకుని అనుకుంది, శుక్రవారం బస్సులో నిలబడి అనుకుంది. ఒకసారి ఇన్‌చార్జి గది దాకా వెళ్ళింది కూడా. ఆయన ఫోన్లో ఎవరితోనో, "మా మాస్టారి సభ అదిరిపోయిందండీ, మేమే చేశాం," అంటున్నాడు. వెనక్కొచ్చేసింది. ఆమెకు కావలసింది పెద్దదేమీ కాదు. ఒక్క మనిషి, ఎవరైనా సరే, 'ఇది నువ్వు చేశావా' అని అడగాలి. అంతే.

ఆదివారం నుడికట్టు అచ్చయింది. సోమవారం పొద్దుటి నుంచి ఫోన్లు మొదలయ్యాయి.

"పన్నెండు నిలువులో ఒక గడి మిగిలిందండీ, అందులో ఏం రాసుకోమంటారు?" అని ఒకాయన. "పదిహేడు అడ్డం పైన నల్లగడి ఉంది, దాన్ని తిరగేస్తే తెల్లగడి వస్తుందా?" అని ఒకావిడ. ఇన్‌చార్జి అందరికీ, "విచారిస్తున్నామండీ," అని చెప్పి చెప్పి మధ్యాహ్నానికి రిసీవరు పక్కన పెట్టేశాడు. ఆమె తన బల్ల దగ్గర చిన్న ప్రకటనల ప్రూఫు చూస్తూ చెవులు అటే వేసి ఉంచింది. లోపల ఒక సంబరం, దాని అడుగునే ఒక భయం.

ఇక బుధవారం సమీక్ష రావాలి. లెక్చరరు తప్పును వదిలే రకం కాదు. ఆధారాన్ని అడ్డంగా కోసి నిలువుగా పరిచి చూపిస్తాడు. ఈసారి మాస్టారి డొల్లతనం బయటపడుతుంది, అప్పుడైనా ఎవరో ఒకరు 'మరి ఇన్నాళ్ళూ ఎలా ఉండేది?' అని అడుగుతారు. ఆమె నమ్మకం అది.

బుధవారం పేపరు వాకిట్లో పడగానే నిలబడే చదివింది.

'ఈ వారం నుడికట్టు మాస్టారిది కాదు,' అని మొదలుపెట్టాడు లెక్చరరు. 'తొమ్మిదేళ్ళుగా ఆయన చెయ్యి నాకు తెలుసు. ఆయన ఆధారం కథలా సాగి చివర్లో మనల్ని నవ్విస్తుంది. ఈ కూడికల లెక్కలు ఆయన రాసినవి కావు. కార్యాలయంలో ఎవరో, దిద్దడానికీ రాయడానికీ తేడా తెలియనివారు, పెద్దాయన కూర్పులో వేలు పెట్టి చెడగొట్టారు.' మాస్టారి అసలు చెయ్యి ఎలా ఉంటుందో చూపడానికి కింద మూడు పాత ఆధారాలు ఇచ్చాడు. మూడూ ఆమెవే.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. లోపలికి వెళ్ళి పేపరు వాళ్ళాయన ముందు పడేసింది. ఆయన రెండుసార్లు చదివాడు.

"లిఫ్టు ఆగితే మెకానిక్కుని వెతుకుతారన్నా గానీ," అన్నాడు మెల్లిగా, "మెకానిక్కే పాడుచేశాడంటారని అనుకోలేదే."

ఆఫీసులో బల్ల మీద మెమో కాచుకుని ఉంది. రచయిత అనుమతి లేకుండా కూర్పులో మార్పులు చేసినందుకు చర్య ఎందుకు తీసుకోకూడదో రెండు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. అప్పటిదాకా అనుబంధం పేజీలు ఆమె ముట్టుకోకూడదు.

"ఈ వారం నేనేమీ మార్చలేదండీ. ఇన్నాళ్ళూ మార్చమని చెప్పింది మీరే కదా," అంది ఇన్‌చార్జితో.

"నేనా? సర్దమన్నాను మేడం. అచ్చుతప్పులు సర్దమన్నాను." ఆయన చూపు గోడ మీదికి పోయింది. "మాస్టారు రేపు వస్తారట. చాలా బాధపడుతున్నారు. ఏదున్నా ఆయన ముందే చెప్పుకోండి."

చెబుతాను, అనుకుంది. సొరుగు నిండా ఉన్నాయి తొమ్మిదేళ్ళ రాతప్రతులు, ఎర్రసిరాతో సహా. కంపోజైన ప్రతిని మూడు నెలలు ఉంచి పారేయాలని నియమం. ఆమె పారేయలేదు. ఇలాంటి రోజొకటి వస్తుందని మనసులో ఎక్కడో ఉండే దాచింది. ఏ వారం కట్ట ముందు తీయాలో, ఏం అనాలో, ఆ సాయంత్రమంతా అంట్లు తోముతూ మాటలు కూర్చుకుంది.

గురువారం మాస్టారు వచ్చాడు. సభలో కనిపించిన మనిషిలా లేడు. చొక్కా గుండీ ఒకటి తప్పుగా పెట్టుకున్నాడు. గుడ్డసంచీ ఒడిలో పెట్టుకుని, ఆమె ఎదురు స్టూలు మీద అంచున కూర్చున్నాడు. ఇన్‌చార్జి మీటింగు ఉందని ముందే తప్పుకున్నాడు.

"అమ్మా, ఇది నాది కాదు," అన్నాడు ఆదివారం పేజీ విప్పి. "నా పేరు పెట్టి ఎవరిదో వేశారు. గొడవేం వద్దు. ఎవరిదో తెలిస్తే చాలు."

సొరుగు లాగి, రాతప్రతి తీసి, పేజీ పక్కన పెట్టింది.

ఆయన కళ్ళజోడు తుడుచుకున్నాడు. ఒక వేలు రాతప్రతి మీద, ఒక వేలు అచ్చు మీద పెట్టి ఒకటో ఆధారం నుంచి మొదలుపెట్టాడు. ఉత్తరాలు వేరుచేసిన వేళ్ళు అవి, తడబాటు లేకుండా దిగుతున్నాయి. ఏడు అడ్డం దగ్గర ఆగలేదు. పన్నెండు నిలువు దగ్గర ఆగలేదు. పదిహేడు అడ్డం దగ్గర రెండు వేళ్ళూ ఆగిపోయాయి.

"నా రాతే," అన్నాడు.

"అవునండీ."

"మరి ఇదివరకటివి?"

ఈ ప్రశ్న కోసం ఆమె ఎన్నేళ్ళు ఎదురుచూసిందో. "ఏది కావాలి?" అంది.

"కలవరం."

ఆ కట్ట వెతకనక్కర్లేకపోయింది. గుండుసూదితో గుచ్చిన మందుల చీటీతో సహా తీసి ఇచ్చింది. ఆయన తన కూడికల లెక్క చదివాడు, దాని మీది ఎర్రగీత చూశాడు, చీటీ తిప్పి నాలుగు కొట్టివేతలూ ఐదోదీ చదివాడు. చీటీ మీది పళ్ళ డాక్టరు పేరు, తేదీ కూడా చదివాడు.

"గడ్డం గీసుకుంటుంటే వచ్చిందే నాకు," అన్నాడు. అది వాదన కాదు, నిజంగానే అడుగుతున్నాడు.

"పేపర్లో చూశాక వచ్చుంటుంది మాస్టారూ."

అనేసింది. తొమ్మిదేళ్ళుగా నోట్లో నానుతున్న మాట బయటపడింది. పడ్డాక గుండె తేలికవుతుందనుకుంటే కాలేదు. ఎదురుగా ఉన్న మనిషి భుజాలు దిగజారిపోవడం మాత్రం కనిపించింది. ఆమెకు తన మీదే కోపమొచ్చింది, తర్వాత ఇన్‌చార్జి మీద, లెక్చరరు మీద, ఆ పైన ఎవరి మీదని తెలియకుండా అందరి మీదా వచ్చింది.

మాస్టారు చీటీని కట్ట మీద పెట్టాడు. బల్ల మీదున్న మెమో ఆయన కంటపడింది. అడగకుండానే తీసి చదివాడు. కలాల డబ్బాలోంచి ఎర్రకలం తీసి, మెమో అడుగున, కవరు మీద అడ్రసు రాసినంత తీరుగా రాశాడు. 'ఈ ఆదివారం కూర్పులో ఎవరూ ఒక్క అక్షరం మార్చలేదు. లోపం అదే. వచ్చే వారం నుంచి నుడికట్టు కింద రెండు పేర్లు వేయవలెను.' సంతకం చేసి, తేదీ వేసి, తేదీ కింద గీత గీశాడు.

"వేస్తారో లేదో," అంది ఆమె.

"వేయకపోతే నాదీ వేయొద్దంటాను." ఆయన సంచీలో చెయ్యి పెట్టి కవరొకటి తీశాడు. ఇవ్వలేదు. రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. "వచ్చే వారానిది. ఇవ్వాలో వద్దో తెలియడం లేదు."

పేజీలు ముట్టుకోవద్దన్న మాట ఆమెకు గుర్తుంది. చెయ్యి చాపి కవరు తీసుకుంది. అట్టముక్కతో జవాబులు మూసి, పెన్సిల్ అందుకుంది. మాస్టారు స్టూలు ఆమె పక్కకు లాక్కున్నాడు. మూడో ఆధారం దగ్గర పెన్సిల్ ఆగింది. చుక్క పెట్టింది.

"ఎందుకు?" అన్నాడు.

ఆమె తలెత్తి చూసింది. ఇన్నేళ్ళలో ఆ మాట అడిగినవాళ్ళు లేరు. చెప్పడం మొదలుపెట్టింది. ముందు పొడిపొడిగా, తర్వాత కాగితం చివర బొమ్మగీసి. ఆయన ఒప్పుకోలేదు. వాదించాడు. ఐదో ఆధారానికి ఇద్దరి గొంతులూ లేచి పక్క బల్లవాళ్ళు తిరిగి చూశారు. ఎనిమిదో ఆధారానికి ఆయన తనంతట తానే, "చుక్క పెట్టండి," అన్నాడు.

పదకొండు అడ్డం: 'తిరగబడ్డ కలప మీద అక్షరాలు దిద్దాలి. మూడక్షరాలు.' ఆమె అలవాటుగా చుక్క పెట్టబోయింది.

"అది ముట్టుకోకండి," అన్నాడు మాస్టారు.

అప్పుడు గమనించింది. పెన్సిల్ ఆగలేదసలు. కలపను తిరగేసి పలక అని మూడు గళ్ళూ అప్పటికే నింపేసింది. మళ్ళీ చదివింది. ఒక్క మాట తీయడానికి లేదు, ఒక్క మాట చేర్చడానికి లేదు.

"ఇదెలా తట్టింది మాస్టారూ?"

ఆయన సభలో చెప్పినట్టు వెంటనే చెప్పలేదు. గడ్డం రుద్దుకున్నాడు. సంచీలోంచి నలిగిన కాగితం తీసి బల్ల మీద పరిచాడు. దాని నిండా కొట్టివేతలే.

"తట్టలేదమ్మా," అన్నాడు. "నాలుగుసార్లు రాసి కొట్టేశాను. ఐదోసారికి వచ్చింది."